పాత జిప్సీని కొండదారికి సిద్ధం చేయడం: ఏది ముందు, ఏది అనవసరం, ఏది నేరం

మారుతి జిప్సీ తయారీ ఆగిపోయి చాలా ఏళ్ళయినా దానికి గిరాకీ తగ్గలేదు. 1985లో 970 సీసీ ఇంజిన్‌తో వచ్చిన ఈ బండికి ఆ తర్వాత 1,298 సీసీ ఇంజిన్, 2000లో ఎంపీఎఫ్‌ఐ ఇంజిన్ అమర్చారు. 2019లో ఉత్పత్తి నిలిచిపోయేదాకా దాని రూపం మాత్రం పెద్దగా మారలేదు. సైన్యం, పోలీసు, అటవీ శాఖలు దశాబ్దాల పాటు వాడిన వాహనం ఇది. నిచ్చెన ఆకారపు చాసిస్, ముందూ వెనకా బలమైన ఇరుసులు, వాటి కింద లీఫ్ స్ప్రింగులు, నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే లో రేంజ్ గేరు, అన్నీ ఉండి కూడా సుమారు ఒక టన్ను బరువు. స్పితి, జాన్స్కార్ లోయల్లోని రాళ్ళదారులకు పోదామనుకునేవారు ఇప్పటికీ పాత జిప్సీ కోసం వెతికేది ఇందుకే.

కొన్న వెంటనే చాలామంది చేసే పని ఒకటుంది. ఎత్తు పెంచే కిట్, లావు టైర్లు, ఇనుప బంపరు, పైకప్పు మీద క్యారియరు, దాని మీద దీపాల వరుస అమర్చి బండిని ఫొటోకు సిద్ధం చేస్తారు. వీటిలో కొన్ని కొండదారిలో ఉపయోగపడవు, కొన్ని ప్రమాదం పెంచుతాయి, కొన్ని చట్టవిరుద్ధం. పాతికేళ్ళ బండిని కొండకు సిద్ధం చేయడమంటే కొత్తవి తగిలించడం కాదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజున అది చేయగలిగిన పనిని మళ్ళీ చేయించడం. జిప్సీని ఉదాహరణగా తీసుకుని చెబుతున్న ఈ విషయాలు పాత బొలేరో, స్కార్పియో, సఫారీలకూ చాలావరకు వర్తిస్తాయి.

మొదటి ఖర్చు చాసిస్ మీద

పాత బండికి అసలు శత్రువు తుప్పు. విశాఖ, కాకినాడ వంటి తీర పట్టణాల్లో తిరిగిన బండిని పైనుంచి చూసి నమ్మకూడదు. లిఫ్టు మీద ఎత్తించి చాసిస్ పట్టీలను, స్ప్రింగులు బిగించే చోట్లను, బాడీ ఆనుకునే దిమ్మలను సుత్తితో తట్టి చూడాలి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. లోపల తినేసిన ఇనుము బొద్దుగా మోగుతుంది. అలాంటి చాసిస్ మీద కొత్త సస్పెన్షన్ బిగిస్తే రాళ్ళదారి కుదుపుకు పగులు వచ్చేది ఆ బిగింపు దగ్గరే.

తర్వాత స్టీరింగ్. బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు, కింగ్‌పిన్ బేరింగులు, వీల్ బేరింగులు, స్ప్రింగు బుష్‌లు అరిగి ఉంటే మార్చాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్ యూ-జాయింట్లలో ఆట ఉందేమో చేత్తో తిప్పి చూడాలి. గేర్ బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, రెండు డిఫరెన్షియళ్ళ ఆయిల్ పూర్తిగా మార్చాలి. కారిన పాత ఆయిల్ పాల రంగులో ఉంటే లోపలికి నీరు చేరిందని అర్థం. ఇనుప రజను ఎక్కువగా కనిపిస్తే పళ్ళు అరుగుతున్నాయని అర్థం.

సైన్యం వేలంలో అమ్మిన బండి కొనేవారు యంత్రం కన్నా ముందు కాగితాలు చూడాలి. చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు రిజిస్ట్రేషన్ పత్రంతో సరిపోవాలి. సొంత వాహనాల రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు చెల్లుతుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ పరీక్ష చేయించి 5 ఏళ్ళకోసారి పునరుద్ధరించుకోవాలి. ఆ పరీక్షలో నిలవని బండి మీద పెట్టే ప్రతి రూపాయీ వృథా.

ఎత్తు మీద ఇంజిన్, దిగుడులో బ్రేకులు

స్పితికి దారితీసే కుంజుం కనుమ ఎత్తు 4,500 మీటర్లకు పైనే. అక్కడి గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులకన్నా తక్కువ. టర్బో లేని ఇంజిన్ పీల్చుకునే ప్రాణవాయువు ఆ మేరకు తగ్గుతుంది. కింద 80 హార్స్‌పవర్ ఇచ్చే జిప్సీ ఇంజిన్ అక్కడ సుమారు 50 ఇస్తుంది. పాత కార్బురేటర్ బండి అయితే గాలి తగ్గినా పెట్రోలు తగ్గించుకోలేక నల్లపొగ వదులుతుంది. సెన్సర్లతో నడిచే ఎంపీఎఫ్‌ఐ ఇంజిన్ దాన్ని కొంతవరకు సర్దుకుంటుంది.

ఆ ఎత్తులో నీరు దాదాపు 85 డిగ్రీలకే మరుగుతుంది. రేడియేటర్‌లోని నీరు అలా మరగకుండా ఆపేది మూతలోని ప్రెషర్ వాల్వ్, కూలెంట్ ద్రవం. అందుకే తక్కువ ఖరీదు రేడియేటర్ మూత, హోస్ పైపులు, ఫ్యాన్ బెల్టు కొండ ప్రయాణానికి ముందు తప్పక మార్చాల్సినవి. వేడెక్కుతోందని థర్మోస్టాట్ తీసి పారేయడం మన షెడ్లలో పాత అలవాటు. చలి ప్రాంతంలో అలా చేస్తే ఇంజిన్ ఉండాల్సిన వేడికి ఎప్పటికీ రాదు. పెట్రోలు ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది.

డీజిల్ బండి వాళ్ళకు మరో చిక్కు ఉంది. శీతాకాలంలో మామూలు డీజిల్‌లోని మైనం గడ్డకట్టి ఫిల్టర్ మూసుకుపోతుంది. మైనస్ 33 డిగ్రీల వరకు గడ్డకట్టని శీతాకాలపు డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ 2019లో లద్దాఖ్‌లో ప్రవేశపెట్టింది. మైదానంలో నింపిన ట్యాంకుతో శీతాకాలంలో పైకి పోకూడదు.

కొండ ఎక్కలేని బండి ఆగిపోతుంది, అంతే. దిగలేని బండి లోయలో పడుతుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పొడవాటి దిగుడులో వేడెక్కినప్పుడు ఆ తేమ ఆవిరై, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. రెండేళ్ళకోసారి ఆ ఆయిల్ మార్చాలి. పగుళ్ళు తేలిన రబ్బరు గొట్టాలనూ మార్చాలి. బండిని పట్టి ఉంచాల్సింది ప్రధానంగా లో రేంజ్‌లో మొదటి, రెండో గేరు. బ్రేకు అందుకు సాయం మాత్రమే.

టైర్లు: లావు కన్నా రకం, గాలి ముఖ్యం

మొత్తం మార్పుల్లో ఒక్కదానికే డబ్బుంటే అది టైర్లకు పెట్టాలి. తారు, కంకర, రాళ్ళు, కొంత బురద కలిసిన హిమాలయ దారులకు ఆల్ టెరెయిన్ రకం చాలు. లోతైన గాళ్ళుండే మడ్ టెరెయిన్ టైరు బురదలో బాగా పట్టుకుంటుంది గానీ తడి తారు మీద, మంచు గడ్డ మీద తక్కువ పట్టు ఇస్తుంది. కొండ ప్రయాణంలో సగానికి పైగా తారు రోడ్డే అని గుర్తుంచుకోవాలి.

కొలత విషయంలో లెక్క వేసుకోవడం మంచిది. జిప్సీ కింగ్ టైరు 205/70 ఆర్15 వ్యాసం సుమారు 668 మి.మీ. బొలేరోలో వాడే 215/75 ఆర్15 టైరుది సుమారు 703 మి.మీ. తేడా 35 మి.మీ. అయినా నేల నుంచి ఇరుసుకు పెరిగే ఎత్తు అందులో సగమే, అంటే సుమారు 18 మి.మీ. దానికి మూల్యంగా గేరింగ్ 5 శాతం బరువెక్కుతుంది, స్పీడోమీటర్ అసలు వేగం కన్నా 5 శాతం తక్కువ చూపిస్తుంది. ఇంకా పెద్ద 235/75 ఆర్15 వేస్తే ఆ తేడా దాదాపు 10 శాతం. ఎత్తు మీద ఇప్పటికే మూడో వంతుకు పైగా శక్తి పోగొట్టుకున్న చిన్న ఇంజిన్‌కు ఇది చిన్న భారం కాదు.

ఖర్చు లేకుండా పట్టు పెంచే మార్గం గాలి తగ్గించడం. మామూలుగా 28-30 పీఎస్‌ఐ ఉండే తేలికపాటి బండికి రాళ్ళదారిలో 18-20కి తగ్గిస్తే టైరు నేలను ఎక్కువ మేర తాకుతుంది, రాయి మీద సాగి పట్టుకుంటుంది, కుదుపు తగ్గుతుంది. అలా ఉన్నంతసేపు నెమ్మదిగా నడపాలి. తారు రోడ్డు ఎక్కేముందు మళ్ళీ నింపాలి. బ్యాటరీకి తగిలించే చిన్న కంప్రెసర్, గాలి కొలిచే గేజ్ ఇందుకోసమే. గాలి తగ్గిన టైరుతో హైవే మీద వేగంగా పోతే అది వేడెక్కి పేలుతుంది.

ఎత్తు పెంచితే ఏమవుతుంది

జిప్సీ లాంటి బండిలో స్ప్రింగులు మార్చి 2 అంగుళాలు లేపితే బాడీ లేస్తుంది గానీ ఇరుసు లేవదు. రాయికి ముందుగా తగిలే డిఫరెన్షియల్ గుండు ఎక్కడుందో అక్కడే ఉంటుంది. దాన్ని లేపేది పెద్ద టైరు ఒక్కటే. ఎత్తు పెంచడం వల్ల లాభం బంపరు కింద కోణాలు పెరగడం, పెద్ద టైరుకు చోటు దొరకడం. నష్టాలు ఎక్కువ. బరువు కేంద్రం పైకి పోయి ఏటవాలు దారిలో పల్టీ ప్రమాదం పెరుగుతుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం పెరిగి యూ-జాయింట్లు త్వరగా పోతాయి. బ్రేకు గొట్టాలు పొట్టివై చక్రం కిందికి వేలాడినప్పుడు తెగే ప్రమాదం ఉంటుంది. స్టీరింగ్ రాడ్ కోణం మారి గతుకు పడినప్పుడల్లా బండి పక్కకు లాగుతుంది.

అలసిపోయిన లీఫ్ స్ప్రింగులను అసలు కొలతకు తెప్పించి, మంచి షాక్ అబ్జార్బర్లు వేస్తే పాత బండి దానంతటదే కొంత లేస్తుంది. చాలా దారులకు అది చాలు. మిగతా శ్రద్ధ బరువు తగ్గించడం మీద పెట్టాలి. పైకప్పు క్యారియర్ మీద పెట్టే నూరు కిలోలు లోపల నేల మీద పెట్టే నూరు కిలోలతో సమానం కాదు. అదనపు ఇంధనం, పనిముట్లు, నీళ్ళ క్యాన్లు వీలైనంత కిందుగా, ఇరుసుల మధ్య కట్టాలి.

వాగు దాటడం

లేహ్ నుంచి పాంగాంగ్ వెళ్ళే దారిలో పాగల్ నాలా అని ఒకటుంది. పొద్దున చీలమండ లోతున్న వాగు మధ్యాహ్నానికి ఎండకు కరిగిన మంచుతో ఉరకలెత్తుతుంది. అలాంటి వాగులను ఉదయాన్నే దాటాలన్నది అక్కడి డ్రైవర్ల మొదటి నియమం.

నీరు ఇంజిన్ సిలిండర్‌లోకి పోతే పని అయిపోయినట్టే. గాలిలా నీరు కుదించుకుపోదు కాబట్టి పిస్టన్ ఆగి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. గాలి పీల్చే గొట్టాన్ని పైకి తెచ్చే స్నార్కెల్ దీన్ని ఆపుతుంది. కానీ అది వైర్లనూ స్పార్క్ ప్లగ్గులనూ కాపాడదు, ప్రవాహం బండిని నెట్టుకుపోవడాన్నీ ఆపదు. అంతకన్నా చవకైన, అవసరమైన మార్పు డిఫరెన్షియల్, గేర్ బాక్సుల బ్రీదర్ గొట్టాలను పొడిగించి బానెట్ ఎత్తుకు తేవడం. వేడి ఇరుసు మంచునీళ్ళలో మునగగానే లోపలి గాలి చల్లబడి కుంచించుకుంటుంది. బ్రీదర్ నీటిలో ఉంటే ఆ నీటినే లోపలికి లాగుతుంది.

ఇరుక్కుంటే

ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నా జిప్సీలో డిఫరెన్షియల్ లాక్ లేదు. ముందో చక్రం, వెనకో చక్రం గాల్లో తేలితే శక్తి మొత్తం వాటి గుండానే పోతుంది. లాకింగ్ డిఫరెన్షియల్ అమర్చుకోవచ్చు గానీ అది ఖరీదైన మార్పు. దానికి ముందు కొనాల్సినవి పార, బురద పలకలు, బలం రాసి ఉన్న పట్టీ తాడు, రెండు షాకిల్స్.

అన్నిటికన్నా ముందు బండికి ముందూ వెనకా చాసిస్‌కు బిగించిన గట్టి కొక్కేలు ఉండాలి. బంపరుకో, ట్రెయిలర్ తగిలించే గుండుకో తాడు కట్టి లాగితే ఆ ఇనుప ముక్క ఊడి తూటాలా వస్తుంది. ఇలా మనుషులు చనిపోయిన సందర్భాలు ప్రపంచమంతటా ఉన్నాయి. లాగేటప్పుడు తాడు మీద తడి గోనెసంచి వంటిది వేయాలి, చుట్టూ ఎవరూ నిలబడకూడదు. విన్చ్ పెట్టుకునేవారు బండి పూర్తి భారంతో ఉన్నప్పటి బరువుకు కనీసం ఒకటిన్నర రెట్లు లాగే శక్తిగలది తీసుకోవాలి. అది 1,600 కిలోలైతే విన్చ్ 2,400 కిలోలకు తగ్గకూడదు.

చట్టం ఏమంటుంది

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిబంధనను గట్టిగా సమర్థించింది. అదే ఏడాది చట్ట సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చంటుంది. ముందు బిగించే ఇనుప గార్డులపై చర్య తీసుకోవాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు చెప్పింది. ఢీకొన్నప్పుడు అవి దెబ్బను నేరుగా చాసిస్‌కు, ఎదుటి పాదచారికి చేరుస్తాయి.

దీని అర్థం ఏ మార్పూ చేయకూడదని కాదు. అరిగినవి మార్చడం, అసలు కొలతకు స్ప్రింగులు తేవడం, తయారీదారు అనుమతించిన కొలతల్లో ఆల్ టెరెయిన్ టైరు, బండిలో పెట్టుకునే పనిముట్లు, వీటికి ఇబ్బంది ఉండదు. ఇంజిన్ మార్చడం, ఎత్తు పెంచడం, బాడీ కోయడం వంటివి ప్రాంతీయ రవాణా కార్యాలయం అనుమతి లేకుండా చేయకూడదు. బీమా కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు ప్రమాదం తర్వాత పరిహారం నిరాకరించడానికి సాకు అవుతుంది.

దారి కూడా చట్టంలో భాగమే. 2022లో పాంగాంగ్ సరస్సులో కారు నడిపిన వీడియో, 2023 డిసెంబరులో లాహౌల్‌లో చంద్రా నదిలో జీపు నడిపిన వీడియో దేశమంతా చూసింది. రెండో దానిలో పోలీసులు చలానా రాశారు. చలి ఎడారి నేలమీద పడ్డ చక్రం గాడి ఏళ్ళ తరబడి మాసిపోదు. పాడేరు దగ్గర వంజంగి కొండకు జీపుల దారి ఉంది, స్పితి ఊళ్ళకు మట్టి దారి ఉంది. బండిని సిద్ధం చేసేది ఆ దారుల మీద క్షేమంగా పోయి రావడానికి, దారి లేని చోట కొత్త గాడి వేయడానికి కాదు.

బడ్జెట్ చేతిలో ఉన్నవారు ఖర్చు పెట్టాల్సిన వరుస ఇది: చాసిస్, స్టీరింగ్, బ్రేకులు, కూలింగ్, టైర్లు, కంప్రెసర్, కొక్కేలూ తాడూ, బ్రీదర్ గొట్టాలు. ఇవన్నీ అయ్యాక డబ్బు మిగిలితే లాకర్, విన్చ్ గురించి ఆలోచించవచ్చు. దీపాల వరుస చివరన కూడా అవసరం లేదు. కొండదారిలో రాత్రి నడపకపోవడమే మంచిది.