ఖాళీ ఏడాది

ఇంటర్ పరీక్షలు రాసిన మా మనవరాలు ఈ ఏడు కాలేజీలో చేరనంది. కొన్నాళ్లు పొలంలో పనిచేస్తుందట. కొండలెక్కడం, డేరా వేయడం, కట్టెలపొయ్యి మీద వండుకోవడం, సైకిలుకి పంచరు వేసుకోవడం నేర్చుకుంటుందట. దాన్ని 'గ్యాప్ ఇయర్' అంటారట. ఇంట్లో పెద్ద రభస. "ఆడపిల్లకి ఏడాది ఖాళీ ఏమిటి? అడిగినవాళ్లకి ఏం చెప్తాం?" అని మా అబ్బాయి. అందరూ నావైపు చూశారు. నేను వెంటనే నోరు విప్పలేకపోయాను. నాకూ ఒక ఖాళీ ఏడాది ఉంది మరి.

అది 1969. నాంపల్లిలో ఉండేవాళ్లం. నేను పి.యు.సి. చదువుతున్నాను. తెలంగాణ రక్షణల అమలు కోసం విద్యార్థులు మొదలుపెట్టిన ఆందోళన ప్రత్యేక రాష్ట్ర ఉద్యమమైంది. కాలేజీలు నెలల తరబడి మూతపడ్డాయి. లాఠీలు, కర్ఫ్యూలు, కాల్పులు. 369 మంది చనిపోయారని ఉద్యమకారుల లెక్క. వాళ్ల గుర్తుగా గన్‌పార్కులో నిలబడ్డ స్తూపం ఎక్కా యాదగిరిరావు గారి శిల్పం.

అన్నయ్య సత్యాగ్రహం చేసి జైలుకెళ్లొచ్చాడు. మెడలో దండ వేసి తీసుకొచ్చారు. నేను ఒక్కరోజు ఊరేగింపులో నడిచొస్తే అమ్మ వారం దాకా గడప దాటనివ్వలేదు. సదాలక్ష్మి, ఈశ్వరీబాయి ఆ ఉద్యమానికి నాయకులుగా ముందుండి నడిచారు. నాన్న వాళ్లని ఎంతో మెచ్చుకునేవాడు. ఆ మెచ్చుకోలు మా గుమ్మం బయటే ఆగిపోయేది. ఆ ఏడాది నాకు కుట్టుమిషను, స్వెటరు అల్లిక, ఆవకాయ కొలతలు నేర్పారు. నా అంతట నేను కోరి నేర్చుకున్నది ఒక్కటే. కొన్ని తెల్లవారుజాములు అన్నయ్య సైకిలు తీసుకుని పబ్లిక్ గార్డెన్స్‌లో తొక్కడం! 1970లో పెళ్లయింది. మళ్లీ సైకిలెక్కలేదు. అన్నయ్య పోగొట్టుకున్న ఏడాది త్యాగం. నాది ఖాళీ.

మా ఇంటికి దగ్గరే, అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషనుకి వెళ్లే దారిలో 'గోల్డెన్ త్రెషోల్డ్' ఉంది. 1905లో వచ్చిన సరోజినీ నాయుడు కవితాసంపుటి పేరే ఆ ఇంటికీ పెట్టారు. 1974లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ మొదలైంది అక్కడే. ఆవిడ పన్నెండేళ్లకే మద్రాసు మెట్రిక్యులేషన్ పాసయింది. తర్వాత ఆరోగ్యం చెడి చదువు ఆగింది. తన చదువులో ఎక్కువ భాగం పధ్నాలుగు, పదహారేళ్ల మధ్య, బడి లేని రోజుల్లోనే జరిగిందని తర్వాత ఆవిడే చెప్పుకుంది. 1895లో ఇంగ్లండు వెళ్లింది. తండ్రి అఘోరనాథ్ కాలేజీ ప్రిన్సిపాలు. ఇంటినిండా పుస్తకాలు. ఆ ఖాళీని ఎవరూ ఖాళీ అనలేదు.

ఇంకో అమ్మాయి ఉంది. మల్లు స్వరాజ్యం. 1946లో తెలంగాణ సాయుధ పోరాటం మొదలయ్యేనాటికి పదిహేనేళ్లది. దొరల కుటుంబంలో పుట్టి, వెట్టిచాకిరిని ఎదిరించి, ఇల్లు విడిచి దళంలోకి వెళ్లింది. తుపాకి పట్టడం, రాత్రిళ్లు నడవడం, అడవిలో బతకడం నేర్చుకుంది. 'రాజక్క'గా ఆమె తలకి పదివేల రూపాయల వెల కట్టారు. ఆమెది సెలవు కాదు, ప్రాణాలకు తెగింపు. రెండింటినీ ఒకటి చేసి మాట్లాడటం లేదు. ఆరుబయట బతకడం ఆడపిల్లకి చేతకాదనే మాట ఎంత అబద్ధమో చెప్పడానికి ఆమెను తలుచుకుంటున్నాను.

ఆ పోరాటాన్ని 1951లో విరమించారు. తర్వాత ఏమైంది? స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో ఆ స్త్రీలే చెప్పారు. ఇంక ఇళ్లకు వెళ్లి సంసారాలు చేసుకోమన్నారట. స్వరాజ్యం 1978లోనూ, 1983లోనూ తుంగతుర్తి నుంచి శాసనసభకు వెళ్లారు. చాలామంది మాత్రం తిరిగి వంటింటికే వెళ్లారు. అడవిలో నేర్చుకున్న ధైర్యానికి ఊళ్లో చోటు లేకపోయింది.

అది చదివినప్పుడు నా సైకిలు గుర్తొచ్చింది. ఎంత చిన్న పోలిక! అయినా గుర్తొచ్చింది. మనకి నేర్చుకోవడం ఎప్పుడూ కష్టం కాలేదు. ఏది నేర్చుకోవాలో, నేర్చుకున్నది ఎన్నాళ్లు మనతో ఉంచుకోవాలో వేరేవాళ్లు నిర్ణయించారు. కుట్టుమిషను పెళ్లికి పనికొచ్చింది కాబట్టి నాతో అత్తారింటికి వచ్చింది. సైకిలు పుట్టింట్లోనే ఉండిపోయింది.

అందుకే మా అబ్బాయితో అన్నాను. "వెళ్లనీరా. అడిగినవాళ్లకి నేను చెప్తాను." మనవరాలికి మాత్రం ఒక మాట చెప్పాను. వెళ్లడం తేలికేనమ్మా, తిరిగొచ్చాకే అసలు కష్టం. నేర్చుకున్నది ఎవరు అడిగినా దించకు.