మంచి కెమెరా వచ్చేదాకా

మొన్న నా పాత నికాన్ డీ90ని పక్కన పెట్టి డీ7500 కొన్నాను. వచ్చిన శనివారమే దుబ్బాక బస్సెక్కాను. మా తాత గుంట మగ్గం మీద నేస్తున్న ఫోటో సరైనది ఒక్కటీ నా దగ్గర లేదు మరి.

డీ90 2008 నాటిది, 12.3 మెగాపిక్సెళ్లు. ఐఎస్ఓ 3200 దాకా పోతుంది గానీ, 1600 దాటితే నీడల్లో ఇసక చల్లినట్టుంటుంది. మగ్గం ఉన్న అర్రకి ఒకటే కిటికీ. షటర్ వేగం తగ్గిస్తే నాడె, చెయ్యి రెండూ అలుక్కుపోతాయి. "మంచి కెమెరా కొన్నంక దింపుత తాతా" అనేవాణ్ని. "నువ్వు కొనేదాక నేను నేస్తనో లేదో బిడ్డా" అని నవ్వేవాడు.

రాజా దీన్‌దయాళ్ గురించి చదువుతుంటే ఆ మాట గుర్తొచ్చింది. ఆయనా ఇంజనీరింగ్ చదివినవాడే. రూర్కీలో చదివి, ఇందోర్‌లో పబ్లిక్ వర్క్స్ ఉద్యోగం చేస్తూ 1870ల్లో కెమెరా పట్టాడు. అప్పుడు నడిచేది వెట్ ప్లేట్ పద్ధతి. గాజు పలకకి కొలోడియన్ పూసి, సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, తడి ఆరకముందే ఫోటో తీసి అక్కడికక్కడే కడగాలి. ఎక్కడికి పోయినా చీకటి గుడారం, రసాయనాల సీసాలు మోసుకుపోవాల్సిందే. ఎదుటి మనిషి కొన్ని సెకన్లపాటు కదలకూడదు.

1871లో రిచర్డ్ మాడక్స్ జెలటిన్ డ్రై ప్లేట్ పద్ధతిని ప్రకటించాడు. 1880లకల్లా అవి ఫ్యాక్టరీల నుంచి తయారై రాసాగాయి. కడగడం తర్వాత తీరిగ్గా చేసుకోవచ్చు, సెకనులో చిన్న వంతు చాలు. దీన్‌దయాళ్ వాటికి మారాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాక వేటలు, సైనిక విన్యాసాలు కూడా ఆయన ప్లేట్ల మీదికొచ్చాయి.

అయితే 1892లో హైదరాబాద్‌లో ఆయన పర్దా స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. అందులోకి ఆడవాళ్లని తెచ్చింది కొత్త ప్లేటు కాదు, వాళ్ల ఫోటోలూ ఉండాలన్న ఆలోచన. అసలు తడి పలకల రోజుల్లోనే ఆయన పని మొదలుపెట్టాడు, మెరుగైనవి వచ్చేదాకా కూర్చోలేదు. ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఆయన గాజు నెగెటివ్‌లు 2857 ఉన్నాయి.

నేను మాత్రం కూర్చున్నాను.

దుబ్బాకలో దిగేసరికి తాత నేత మానేసి మూడు నెలలైంది. చూపు ఆనడం లేదట. మగ్గానికి పడుగు లేదు. ఐఎస్ఓ 6400లో తీస్తే కర్ర మీది గీతలు కూడా తేటగా వచ్చాయి. నాడె ఓ మూలకి పెట్టి ఉంది.

ఆ రాత్రి పాత ఫైళ్లు వెతికాను. చెడిపోయిందని ఎప్పుడో వదిలేసిన డీ90 ఫోటో ఒకటి దొరికింది. నిండా ఇసక, చెయ్యి మసక, నాడె తెల్లటి గీత. దాన్నే పెద్దగా ప్రింట్ వేయించి ఇచ్చాను. తాత కళ్లకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"గిది పని జేస్తున్న చెయ్యిరా" అన్నాడు.