చంటిబిడ్డ చేతిలో ఫోన్: టీకాల రోజే డాక్టర్‌ను అడగండి

ఎండాకాలం వచ్చిందంటే పల్నాడు జిల్లా రెంటచింతల పేరు పేపర్లలో కనిపిస్తుంది. రాష్ట్రంలో బాగా వేడెక్కే ఊళ్లలో ఇదొకటి. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున పది దాటాక పిల్లల్ని బయటికి వదల్లేం. అసర్ వేళ దాకా ఇంట్లోనే. అమ్మీ పనిలో ఉంటుంది, నానీకి వెంట తిరిగే ఓపిక ఉండదు. ఫోన్ చేతిలో పెడితే బిడ్డ కదలడు. చాలా ఇళ్లలో అలవాటు ఇక్కడే మొదలవుతుంది. దాన్ని తగ్గించడానికి పిల్లల డాక్టర్ సాయం తీసుకోవచ్చన్న ఆలోచనే మనకు రాదు. జ్వరం, విరేచనాలకే ఆసుపత్రి అనుకుంటాం.

ఎంతసేపు చూడొచ్చన్నది పిల్లల వైద్యుల సంఘం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022లో ప్రచురించిన మార్గదర్శకాల్లో చెప్పింది. రెండేళ్లు నిండేవరకు స్క్రీన్ అసలే వద్దు. ఒక్క మినహాయింపు: అప్పుడప్పుడు బంధువులతో వీడియో కాల్. కాబట్టి సౌదీలో ఉన్న అబ్బాతో బిడ్డ మాట్లాడితే ఇబ్బంది లేదు. రెండు నుంచి ఐదేళ్ల లోపు రోజుకు గంట మించకూడదు, అదీ పెద్దవాళ్లు పక్కన ఉండగా. ఐదు నుంచి పదేళ్ల వారికి రెండు గంటల లోపు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిందీ చిన్నపిల్లల విషయంలో దాదాపు ఇదే.

"మావాడు కార్టూన్లు చూడడు, నాత్‌లు, అలిఫ్ బే పాటలే చూస్తాడు" అంటారు కొందరు. డాక్టర్ లెక్కలో అదీ స్క్రీనే. చంటిపిల్లలు మాట నేర్చుకునేది ఎదురుగా ఉన్న మనిషి నుంచి. అమెరికాలో ప్యాట్రీషియా కుల్ బృందం 2003లో ప్రచురించిన పరిశోధనలో తొమ్మిది నెలల పిల్లలకు చైనా భాష వినిపించారు. మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడినప్పుడు ఆ భాష శబ్దాలను పిల్లలు పట్టుకున్నారు. అదే భాష వీడియోలో చూపిస్తే ఏమీ పట్టుకోలేదు. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు వినడం వల్ల మాటలు ఆలస్యమవుతాయన్న భయం కూడా వద్దు. రెండు భాషల వల్ల అలా జరగదు.

ఇక డాక్టర్‌ను ఎప్పుడు అడగాలి? దీనికోసం వేరే రోజు అక్కర్లేదు. 9-12 నెలల్లో, 16-24 నెలల్లో టీకాలకు ఎలాగూ వెళ్తాం. సూది వేయించుకుని వచ్చేయకుండా నాలుగు మాటలు చెప్పాలి: రోజుకు ఎంతసేపు చూస్తాడు, అన్నం తినేటప్పుడు ఫోన్ కావాలా, పడుకునే ముందు చూస్తాడా, పేరు పెట్టి పిలిస్తే తిరుగుతాడా. ఎంతసేపు అన్నది మాత్రం అంచనాగా చెప్పొద్దు. కామర్స్ చదివినవాడిని, లెక్క రాస్తే గానీ నాకు నమ్మకం కుదరదు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోని డిజిటల్ వెల్‌బీయింగ్‌లో ఏ యాప్ ఎంతసేపు నడిచిందో ఉంటుంది. వారం రోజులది రాసుకుని వెళ్తే చాలు. చాలామంది అనుకున్నదానికంటే ఆ అంకె పెద్దదే ఉంటుంది.

ఏడాది దాటినా పేరుకు పలకకపోయినా, వేలు పెట్టి చూపించకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలిపి చెప్పలేకపోయినా ఫోన్ మీద నెపం వేసి ఊరుకోకూడదు. డాక్టర్ ముందు వినికిడి పరీక్ష చేయించమంటారు, ఎదుగుదల చూస్తారు. ఫోన్ ఆపితే అన్నీ సర్దుకుంటాయని ఎదురుచూస్తే విలువైన నెలలు పోతాయి.

ఫోన్ తగ్గించేటప్పుడు ముందు భోజనం దగ్గర తీసేయడం మంచిది. బొమ్మ చూస్తూ తినే బిడ్డకు కడుపు నిండిందో లేదో తెలియదు. తర్వాత పడుకునే ముందు గంట. మొదటి రోజుల్లో ఏడుపు తప్పదు, ఆ ఏడుపుకు మళ్లీ ఫోన్ ఇస్తే మొదటికొస్తుంది. మధ్యాహ్నం వేడిలో టబ్బులో నాలుగు చెంబుల నీళ్లు పోసి, పక్కనే కూర్చుని ఆడించినా గంట గడుస్తుంది. చిక్కుళ్లు వలిచేటప్పుడు గింజలు గిన్నెలో వేయమనొచ్చు, నోట్లో పెట్టుకోకుండా చూసుకుంటూ. ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండాలి. అమ్మీ వద్దంటే చాచా ఇచ్చేస్తే లాభం లేదు.

16-24 నెలల టీకాల తర్వాత ప్రభుత్వ షెడ్యూల్‌లో మళ్లీ టీకా ఐదేళ్లకే. ఫోన్ అలవాటు ముదిరేది ఈ మధ్యలోనే. అయితే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు పరీక్షించాలి. ఎదుగుదల ఆలస్యం ఉంటే ఉచితంగా పై ఆసుపత్రికి పంపుతారు. బృందం ఎప్పుడొస్తుందో అంగన్‌వాడీ టీచర్‌ను గానీ ఆశా కార్యకర్తను గానీ అడిగి, ఆ రోజు బిడ్డను తప్పకుండా పంపండి.