రెండు తలుపుల గుడారం

జనరల్ తిమ్మయ్య తన కొరియా అనుభవాలను రాసిపెట్టిన పుస్తకం ‘ఎక్స్‌పెరిమెంట్ ఇన్ న్యూట్రాలిటీ’. ఆయన మరణించిన చాలా ఏళ్ళకు, 1981లో అచ్చయింది. ఈ మధ్య దాన్ని మళ్ళీ చదివాను. తటస్థత అంటే ఒడ్డున కూర్చుని వినోదం చూడటమని ఎవరైనా అన్నప్పుడు నాకు గుర్తుకొచ్చే పుస్తకమిది.

1950 జూన్ 25న ఉత్తర కొరియా సేనలు 38వ అక్షాంశ రేఖ దాటినప్పుడు ఆ దురాక్రమణను భారతదేశం ఖండించింది. కానీ పోరాడే సైన్యాన్ని పంపలేదు. లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వంలో 60వ పారాచూట్ ఫీల్డ్ ఆంబులెన్స్ అనే వైద్యదళాన్ని పంపింది. అమెరికన్ సైన్యం ఆ రేఖ దాటి ఉత్తరానికి వస్తే చైనా ఊరుకోదని చౌ ఎన్‌లై అక్టోబర్ 3 తెల్లవారకముందే మన రాయబారి కె.ఎం. పణిక్కర్‌ను పిలిపించి చెప్పాడు. ఢిల్లీ ఆ హెచ్చరికను చేరవేసింది. వాషింగ్టన్ దాన్ని బెదిరింపుగా కొట్టిపారేసింది. ఆ నెలలోనే చైనా సేనలు యాలూ నది దాటాయి.

1951 వేసవిలో సంధి చర్చలు మొదలయ్యాయి. సరిహద్దు మీద అంగీకారం కుదిరాక కూడా యుద్ధం ఆగలేదు. చిక్కుముడి ఖైదీల దగ్గర పడింది. యుద్ధం ముగియగానే ఖైదీలను ఆలస్యం లేకుండా స్వదేశాలకు పంపాలని 1949 నాటి జెనీవా ఒడంబడిక 118వ అధికరణం చెబుతున్నది. చైనా, ఉత్తర కొరియాలు ఆ అక్షరాన్నే పట్టుకున్నాయి. వెళ్ళనన్నవాణ్ణి బలవంతంగా పంపబోమని అమెరికా పట్టుబట్టింది. ఈ ఒక్క వాదం ఏడాదికి పైగా సాగింది. ఆ కాలమంతా మనుషులు చనిపోతూనే ఉన్నారు.

బలప్రయోగం వద్దు, ఖైదీల బాధ్యతను తటస్థ దేశాల సంఘానికి అప్పగించాలి అన్నది వి.కె. కృష్ణ మీనన్ ఐక్యరాజ్యసమితిలో నడిపించిన తీర్మానం సారాంశం. 1952 డిసెంబర్ 3న సర్వసభ్య సభ దాన్ని ఆమోదించింది. సోవియట్ ప్రతినిధి వైషిన్‌స్కీ దాన్ని తీవ్రంగా దుయ్యబట్టాడు, చైనా తిరస్కరించింది. 1953 మార్చిలో స్టాలిన్ మరణించాక చౌ ఎన్‌లై స్వయంగా ముందుకు తెచ్చిన ప్రతిపాదన దానికి దగ్గరగానే ఉంది. జూలై 27న యుద్ధ విరమణ జరిగింది.

స్వీడన్, స్విట్జర్లాండ్, పోలండ్, చెకోస్లొవేకియా, భారత్ సభ్యులైన సంఘానికి తిమ్మయ్య అధ్యక్షుడు. కాపలా భారత సైన్యానిది. దాని అధిపతి మేజర్ జనరల్ థోరాట్. దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీ తన నేల మీద భారత సైనికుడి అడుగు పడనివ్వనన్నాడు. అందువల్ల వారిని హెలికాప్టర్లలో నిస్సైనిక మండలానికి చేర్చవలసివచ్చింది. తిరిగి వెళ్ళబోమన్న ఖైదీలు అక్కడ 22,000 పైచిలుకు. అవతలి పక్షం నుంచి 359 మంది.

ఒక్కొక్క ఖైదీని గుడారంలోకి తీసుకువస్తారు. అతని దేశపు ప్రతినిధి నచ్చజెబుతాడు. ఆపైన రెండు తలుపులు: ఒకటి ఇంటికి, ఇంకొకటి తిరిగి శిబిరానికి. కాగితం మీద ఇంత సులువు. శిబిరాలలో మాత్రం ముఠా నాయకులదే రాజ్యం. ఇంటికి వెళ్తానన్నవాడి ప్రాణానికి భరోసా లేదు. ఒక భారతీయ అధికారిని ఖైదీలు బందీగా పట్టుకుంటే థోరాట్ తానే కంచె లోపలికి వెళ్ళి విడిపించుకొచ్చాడు. మరో అల్లరిలో మనవాళ్ళ కాల్పులకు ఖైదీలు మరణించారు. గడువు తొంభై రోజులు. వివరణలు సాగినవి కొద్ది రోజులే. బలవంతంగా గుడారానికి ఈడ్చుకురావడానికి తిమ్మయ్య ఒప్పుకోలేదు. రెండు పక్షాలూ ఆయనను నిందించాయి. 1954 జనవరిలో ఖైదీలను ఎవరి దగ్గర తీసుకున్నారో వారికే అప్పగించి, సంఘం పని ముగించుకుంది.

రెండు తలుపులూ కాదన్నవారు 88 మంది. భారత సైన్యంతో ఓడెక్కి ఫిబ్రవరిలో మద్రాసులో దిగారు. తరువాత చాలామంది దక్షిణ అమెరికాకు వెళ్ళిపోయారు. కొందరు మన దేశంలోనే ఉండిపోయారు. చోయ్ ఇన్‌హున్ 1960లో రాసిన కొరియన్ నవల ‘గ్వాంగ్‌జాంగ్’ నాయకుడు అలాంటివాడే. తటస్థ దేశానికి పోయే ఆ ఓడ పేరు టాగోర్. అతను ఒడ్డు చేరడు.

శస్త్రచికిత్సకు ముందు రోగి సమ్మతి తీసుకోవడం నా నిత్యకృత్యం. పడక చుట్టూ బంధువులు నిలబడి ఉంటే “సరే” అన్న మాట ఎవరిదో తెలియదు. వాళ్ళను కాసేపు బయటికి పంపి మళ్ళీ అడుగుతాను. కొన్నిసార్లు జవాబు మారుతుంది. కొరియాలో మనవాళ్ళు పూనుకున్నది ఆ పనికే. చాలామంది విషయంలో అది నెరవేరలేదు. అయినా ఆ పూనిక లేకుంటే జూలై 27 ఎప్పుడు వచ్చేదో!