పిల్లల పాఠం పెద్దలకూ కావాలి

1965లో సేలం నుంచి విడివడిన మన ధర్మపురి జిల్లాలో బడి కంప్యూటర్ కథ మన కళ్ల ముందు జరిగినదే. 2011లో ప్రభుత్వం ప్లస్ టూ పిల్లలకు ఉచిత లాప్‌టాప్‌లు పంచడం మొదలుపెట్టింది. ఏడేళ్లకు, 2018లో వచ్చిన కొత్త పదకొండో తరగతి కంప్యూటర్ సైన్స్ పుస్తకంలో కంప్యూటర్ నీతి, సైబర్ భద్రత మీద ఒక పాఠం ఉంది. దాని వెనకే కంప్యూటర్లో తమిళం మీద మరో పాఠం.

ఆ గ్రూపు తీసుకోని పిల్లల చేతికి ఆ పుస్తకం రాదు. ఇంట్లో తెలుగే మాట్లాడే మన పెద్దలకు అసలే అందదు. ఓటీపీ అడిగే ఫోన్లు మాత్రం వాళ్లకే వస్తున్నాయి.

ఈ సెలవుల్లో ఆ పాఠాన్ని మన పిల్లల చేతే తెలుగులో చెప్పించుకుందాం. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలన్న మాటతో మొదలుపెడదాం.