శ్వేతద్వీపపు ఛాయాచిత్రములు

ఉత్తరధ్రువసముద్రమున స్వాల్‌బార్డ్ ద్వీపసమూహమునకుఁ దూర్పుకొనయందుఁ గ్విటోయ యను చిన్న దీవి కలదు. నార్వే భాషలో నీ పేరునకు శ్వేతద్వీప మనియే యర్థము. పురాణములలోని శ్వేతద్వీపముతో దీనికి నామసామ్యమే కాని వేఱు సంబంధము లేదు. మంచు కప్పియుండుటచేతఁ గలిగిన పేరిది. 1930 వ సంవత్సరమున నీ దీవిలో దొరకిన ఫిలిముచుట్టల చరిత్రము ప్రాఁతచిత్రముల నుద్ధరించువారికిఁ బ్రాచీనగ్రంథముల నుద్ధరించువారికిని సమానముగా నుపకరింపఁదగియున్నది.

స్వీడను దేశపు పేటెంటు కార్యాలయమున ఇంజనీరుగా నుండిన ఆంద్రే, నీల్స్ స్ట్రిండ్‌బెర్గ్, నూట్ ఫ్రెంకెల్ అను మువ్వురు 1897 జూలై 11 వ తేదీని హైడ్రోజను బెలూను నెక్కి ధ్రువము మీఁదుగాఁ బోవలెనని బయలుదేఱిరి. బెలూను పేరు 'ఓర్నెన్', అనఁగా గరుడపక్షి. పేరు గొప్పదే కాని జూలై 14 వ తేదీకే యది మంచుమీఁదఁ గూలఁబడెను. పిమ్మట వారు మంచుబండ్లను లాగుకొనుచుఁ గొంతయు, తేలియాడు మంచుగడ్డలతోఁ గొట్టుకొనిపోవుచుఁ గొంతయుఁ బ్రయాణించి, అక్టోబరు 5 వ తేదీని శ్వేతద్వీపముఁ జేరి, యచటనే కాలధర్మము నొందిరి. ముప్పదిమూఁడేండ్లు వారి జాడ యెవరికిని దెలియలేదు. 1930 ఆగస్టు 6 వ తేదీని 'బ్రాట్‌వాగ్' అను నార్వే నావలోనివారు వారి విడిదిని గనుఁగొనిరి. మఱుసటి నెల వార్తాపత్రికలవారు 'ఇస్‌బ్యోర్న్' అను మఱియొక నావపై నచటికిఁ బోఁగా, తగరపు డబ్బాలో నుంచిన ఫిలిములును బటములును దొరకెను.

చిత్రములు తీసినవాఁడు స్ట్రిండ్‌బెర్గ్. ఇరువదినాలుగేండ్ల వయసువాఁడు, భౌతికశాస్త్రము నభ్యసించినవాఁడు. ఆకాశమునుండి చూచి భూమిపటములు వ్రాయుటకై తెచ్చిన కెమేరా యాతనియొద్ద నుండెను. దాని బరువు ఏడు కిలోగ్రాములు. బెలూను కూలినతోడనే యా యుద్దేశము చెడెను. అయినను, బరువు తగ్గించుకొనుటకై యాహారపదార్థములను సయితము త్రోవలో విడిచిన యా మువ్వురు కెమేరాను మాత్రము విడువలేదు. మేఘములనుండి భూమిని జూపవలసిన యంత్రము విడిదిలోని దినదినకృత్యములకు సాక్షి యయ్యెను.

'ఫోటోగ్రాఫు' అను మాటకు గ్రీకు మూలమునుబట్టి వెలుఁగువ్రాఁత యని యర్థము. తెలుఁగువారు దానినే ఛాయాచిత్ర మనిరి. కాగితముపై నచ్చొత్తిన బొమ్మకు గ్రీకుపేరును, వెలుఁగున్నచోట నలుపును నీడయున్నచోటఁ దెలుపును జూపు నెగటివునకుఁ దెలుఁగుపేరును బాగుగా నతుకును. ఫిలిముపైఁ బూసిన జెలటిన్ పొరలో వెండిలవణపుఁ గణము లుండును. వెలుఁగు తాఁకిన కణములలోఁ గంటికిఁ గానరాని మార్పు కలుగును. రసాయనద్రవమున ముంచువఱకు నా బొమ్మ యవ్యక్తము. ధ్వనిచే స్ఫోటము వ్యక్తమగునని వైయాకరణులు చెప్పునట్లు, ఇచ్చటను ఉన్నదియే వ్యక్తమగుచున్నది గాని లేనిది పుట్టుట లేదు. అయితే స్ఫోటము నిత్యము. ఈ బొమ్మ నిత్యము కాదు. ఉక్కయుఁ దేమయు దానిని హరించును. శీతల మా వినాశమును మందగింపఁజేయును. ముప్పదిమూఁడేండ్లు రసాయనస్పర్శ లేక యుండిన స్ట్రిండ్‌బెర్గ్ ఫిలిములను గాపాడినది ధ్రువప్రాంతపుఁ జలియే. ఆ మువ్వురను జంపిన ప్రదేశమే వారి సాక్ష్యమును దాఁచిపెట్టినది.

డబ్బాలలో నీరు చేరియుండెను. తడిసి మెత్తఁబడిన జెలటిన్ పొర కొంచెము వేఁడికే ఫిలిమును విడిచి జాఱిపోవును. స్టాక్‌హోములోని రాజకీయ సాంకేతికవిద్యాలయమున జాన్ హెర్ట్‌స్‌బెర్గ్ అను నాతఁ డీ పనికిఁ బూనుకొని, 240 బొమ్మలలో 93 బొమ్మలను దక్కించెను. వానిలో నెల్లరు నెఱిఁగినది యొకటి: విశాలమైన మంచుబయలు, ప్రక్కకు వ్రాలిన బెలూను, దానిచెంత మాటలాడక నిలుచున్న ఆంద్రే ఫ్రెంకెలులు.

దినచర్యలును చిత్రములును 1930 లోనే గ్రంథరూపమునఁ బ్రకటింపఁబడెను. కాని తరువాతి పరిశోధకులు దినచర్యలనే ప్రధానప్రమాణముగాఁ గొని, చిత్రములను గ్రంథాలంకారములుగా నెంచుచు వచ్చిరి. టైరోన్ మార్టిన్‌సన్ అను పరిశోధకుఁడు 2004 లో నీ పద్ధతి నాక్షేపించి, చిత్రములును స్వతంత్రాధారములే యని నిరూపించుటకై కొన్నిఁటిని డిజిటల్ విధానమున నుద్ధరించి చూపెను. ఆతని వాదము గ్రాహ్యము. దినచర్య శబ్దప్రమాణము, వ్రాయువాఁడు చెప్పఁదలఁచినదే యందుండును. చిత్రమునందో, తీయువాఁ డుద్దేశింపని మంచుదిబ్బ యెత్తు, బట్టల ముడుత, మనిషి నిలిచిన తీరు తమంతఁదామే వచ్చి చేరును.

ఇచటనే చిక్కొకటి కలదు. ఈ చిత్రములనిండ మచ్చలును గీఱలును బొగమంచువంటి తెరలును గలవు. మంచుబయలే తెల్లనిది; అందేది యా దినపుఁ బొగమంచో, యేది యనంతరము పట్టిన తేమయో కొన్నిచోట్ల నిర్ణయించుట కష్టము. గణకయంత్రము మచ్చలను దుడిచివేయఁగలదు; పోయిన భాగమును జుట్టుప్రక్కల పోలికనుబట్టి పూరింపను గలదు. తాళపత్రమున శిథిలమైన పాదమును బరిష్కర్త తన కవిత్వముతోఁ బూరించి, యా సంగతి చెప్పక యచ్చొత్తించుట యెట్టిదో యిదియు నట్టిదే. గ్రంథపాతము గ్రంథపాత మని చూపినవాఁడే నమ్మఁదగిన పరిష్కర్త. కావున మచ్చలతోడి ప్రతి నొకదానిని మార్పక నిలిపి, దిద్దిన ప్రతిని వేఱుగా నుంచుట యుక్తము.

ప్రతి సిద్ధమైనది గదా, మాతృకతోఁ బనియేమి యనువారు నేఁడును గలరు. క్రొత్త ప్రతి వ్రాయించుకొని ప్రాఁత తాళపత్రములను నదిలో విడిచిన యాచారమువలన నాంధ్రవాఙ్మయమునకుఁ గలిగిన నష్టము పండితు లెఱుఁగనిది కాదు. డిజిటల్ ప్రతికి లేఖకప్రమాదము లేదు. వేయి ప్రతు లెత్తినను అక్షరమైనఁ దప్పదు. కాని దానిని జదువుటకు యంత్రము కావలెను, ఆ యంత్రములు త్వరలోనే మాఱిపోవుచుండును. నెగటివును వెలుఁగున కెత్తి పట్టినఁ జాలును. అయితే దానికిని శత్రువులు గలరు: నైట్రేటు ఫిలిము తనలోనుండి పుట్టిన యామ్లముచేతనే చెడును, సులభముగా నగ్ని నంటుకొనును, ఎసిటేటు ఫిలిము పులిసి సిరకావాసన కొట్టును. రెంటికిని జల్లని పొడి తావే యౌషధము.

2013 లో దక్షిణధ్రువప్రాంతమున, ఎవాన్స్ అగ్రమునందలి స్కాటు కుటీరమున, న్యూజీలాండు పరిరక్షకు లిట్టి నైట్రేటు నెగటివులనే కనుఁగొనిరి. అవి 22, ఒకదానికొకటి యంటుకొని గడ్డకట్టి యుండెను. షాకిల్టన్ 1914–17 నాఁటి యాత్రలో రాస్ సముద్రపు జట్టున కవి చెందినవి. వానిని జాగ్రత్తగా విడఁదీసి, శుభ్రపఱచి, డిజిటల్ ప్రతులెత్తి బొమ్మలను జూచిరి. ఒక బొమ్మలో నావమీఁద నిలుచున్నవాఁడు జట్టులోని శాస్త్రజ్ఞుఁడగు అలెగ్జాండర్ స్టీవెన్స్ అని గుర్తింపఁగలిగిరి. తీసినవాఁడెవఁడో మాత్రము తేలలేదు. ఆశ్వాసాంతగద్య లేని గ్రంథమువలె నా చిత్రములు కర్తృనామము లేకయే యున్నవి.