హామ్‌స్ట్రింగ్ శస్త్రచికిత్స

తొడ వెనుక ఉండే మూడు కండరాలను కలిపి హామ్‌స్ట్రింగ్స్ అంటారు. కూర్చున్నప్పుడు కుర్చీకి ఆనే పిరుదు ఎముక దగ్గర మొదలై, మోకాలు దాటి కాలి ఎముకలకు అతుక్కుంటాయి. పరుగులో ముందుకు చాచిన కాలు నేలను తాకబోయే క్షణాన ఇవి సాగుతూనే బిగుసుకోవాలి. స్ప్రింటర్లు తొడ పట్టుకుని కుంటుతూ ఆగిపోయేది ఎక్కువగా అప్పుడే.

కండ చిరిగితే సాధారణంగా కత్తితో పని లేదు. విశ్రాంతి, మెల్లమెల్లగా పెంచే వ్యాయామంతో మానుతుంది. కండను ఎముకకు కట్టి ఉంచే టెండన్ ఊడివస్తేనే ఆపరేషన్ మాట వస్తుంది. వాటర్ స్కీయింగ్‌లో మోకాలు చాచి ఉండగా నడుము ఒక్కసారిగా ముందుకు వంగితే ఇలా జరుగుతుంది. ‘టప్’మన్న చప్పుడు, తొడ వెనుక నల్లగా కమలడం, కూర్చోలేనంత నొప్పి దాని గుర్తులు. మూడు టెండన్లూ ఊడాయని, లేదా రెండు ఊడి 2 సెంటీమీటర్లకు మించి కిందికి జారాయని ఎమ్మారైలో తేలితే సాధారణంగా శస్త్రచికిత్సకే మొగ్గుతారు.

రోగిని బోర్లా పడుకోబెట్టి పిరుదు కింది మడతలో కోత పెడతారు. పక్కనే సయాటిక్ నరం ఉంటుంది కాబట్టి ముందు దాన్ని వెతికి పట్టుకుని కాపాడుకుంటారు. తర్వాత ఎముకను గీకి శుభ్రం చేసి, దారాలున్న యాంకర్లు దిగ్గొట్టి, టెండన్‌ను తిరిగి దాని చోట కుడతారు. తొలి వారాల్లోనైతే ఇది తేలిక. నెలలు గడిస్తే టెండన్ కురచబడి నరానికి అతుక్కుపోతుంది. దాత మడమ టెండన్‌తో అతుకు వేయాల్సి రావచ్చు.

ఈ రంగంలో ఫిన్లాండ్ సర్జన్లది పెద్ద పేరు. బిగుసుకున్న టెండన్ పట్టీలు సయాటిక్ నరాన్ని నొక్కే ‘హామ్‌స్ట్రింగ్ సిండ్రోమ్’ను 1988లో పురానెన్, సకారి ఒరావా వర్ణించారు. 2017 సెప్టెంబరులో బార్సిలోనా ఫుట్‌బాల్ ఆటగాడు ఉస్మాన్ డెంబెలే గెటాఫేతో మ్యాచ్‌లో మడమతో బంతిని వెనక్కి తన్నబోయి ఎడమ తొడ టెండన్ తెంచుకుంటే ఆపరేషన్ చేసింది ఒరావానే. 2020లో కుడి తొడ వంతు వచ్చింది. ఈసారి ఫిన్లాండ్‌లోని తుర్కు నగరంలో సర్జన్ లాస్సే లెంపాయినెన్ సరిచేశారు. అదే డెంబెలే 2025లో ప్రపంచ ఉత్తమ ఫుట్‌బాల్ ఆటగాడికిచ్చే బాలన్ డి ఓర్ గెలిచాడు.

క్రికెట్‌లో ఇంగ్లండ్ కెప్టెన్ బెన్ స్టోక్స్ 2024 డిసెంబరులో న్యూజిలాండ్‌లోని హామిల్టన్‌లో హామ్‌స్ట్రింగ్ గాయపడి, 2025 జనవరిలో ఆపరేషన్ చేయించుకుని, మే నెలలో జింబాబ్వేతో టెస్టులో తిరిగి దిగాడు.

టెండన్ పూర్తిగా ఊడితే మైదానానికి రావడానికి ఆరు నెలలో, అంతకన్నా ఎక్కువో పట్టవచ్చు. మొదట్లో చేతికర్రలు తప్పవు. ఇన్ఫెక్షన్, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం, తొడ వెనుక తిమ్మిరి, టెండన్ మళ్లీ తెగడం వంటి ముప్పులున్నాయి. చివర్లో రెండు కాళ్ల బలాన్నీ కొలిచి పోల్చి, పూర్తి వేగంతో పరిగెత్తించి చూశాకే ఆటకు అనుమతిస్తారు.